ఇంగ్లండ్ ఎస్టేటు తోటల్లో పాత సీసపు విగ్రహాలు చీలమండల దగ్గర ఎందుకు వంగిపోతాయి? బాగుచేయడం ఎలా?

తప్పు చాలావరకు సీసానిది కాదు, లోపలి ఇనుముది. 18వ శతాబ్దంలో లండన్ హైడ్ పార్క్ కార్నర్‌లో జాన్ చియర్ వంటివారు ఇలాంటి విగ్రహాలను పోతపోసి ఎస్టేట్లకు అమ్మేవారు. విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ ఎస్టేటు తోటలో, గుహలో కనిపించే నదీదేవుడి విగ్రహం చియర్ పనే. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, పోత సులువు. కానీ మెత్తనిది, తన బరువుకే ఏళ్ల తరబడి మెల్లగా జారుతుంది. అందుకే లోపల ఇనుప కడ్డీలు పెట్టేవారు.

అతుకుల్లోంచి వాననీరు దిగితే ఆ కడ్డీ తుప్పుపడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి సీసాన్ని లోపలినుంచి చీలుస్తుంది. కడ్డీ తెగాక భారమంతా సన్నని చీలమండల మీద పడుతుంది. చలికాలంలో లోపలి నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బి, పగులును ఇంకా పెంచుతుంది.

పైపైన పగులు పూడిస్తే లాభం లేదు. కనబడనిచోట కోసి, తుప్పుపట్టిన కడ్డీని పూర్తిగా తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ అమర్చాలి. కోసిన అంచులను సీసంతోనే కరిగించి అతకాలి. పాదాల దగ్గర నీరు కారిపోయే రంధ్రాలు తప్పనిసరి, చాలామంది మరిచేది ఇదే. మరో మాట: వీటిలో చాలావాటికి రాతిలా కనిపించాలని తెల్లరంగు వేసేవారు. పాత రంగును పరీక్షించకుండా గీకేస్తే ఆ సాక్ష్యం పోతుంది, సీసపు ధూళీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.