మూడు లక్షల బండి, లక్షా నాలుగు వేల చెక్కు

ప్రశ్న: మాది జయపురం. మెయిన్ రోడ్డులో చిన్న బట్టల కొట్టు. 2014 మోడల్ డీజిల్ డిజైర్‌ని 2019లో విజయనగరంలో సెకండ్ హ్యాండ్‌లో కొని, నా పేరుకీ ఒడిశా ఓడీ-10 నంబరుకీ మార్పించుకున్నాను. ఆగస్టులో సాలూరులో పెళ్లి చూసుకుని తిరిగొస్తుంటే సుంకి ఘాట్‌లో వానకి బండి జారి మలుపు దగ్గర గోడని గుద్దింది. దేవుడి దయవల్ల మాకేమీ కాలేదు. రిపేరుకి షెడ్డువాళ్లు 3 లక్షల ఎస్టిమేటు ఇచ్చారు. పాలసీలో ఐడీవీ, అంటే బండికి రాసుకున్న విలువ, 1,80,000. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్, అంటే బాగు చేయించడం గిట్టదని చెప్పి, బండి నన్నే ఉంచుకోమని, 1,04,000 ఇస్తామంటున్నారు. ఇదే మోడల్ బయట 3 లక్షలకి తక్కువ దొరకడం లేదు. ఆ 3 లక్షలు రాబట్టుకునే దారి ఉందా? బండి లేకపోతే కుదరదని తెలిసిన ఫైనాన్సరు దగ్గర మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి వేరే బండికి అడ్వాన్సు ఇచ్చాను. 5 లక్షల చీటీ నడుస్తోంది, ఇంకా పాడలేదు. రెండు నెలలైంది, ఆ డబ్బుకి ఒప్పుకున్నట్టు వోచర్ మీద సంతకం పెట్టమని కంపెనీ నుంచి రోజూ ఫోన్లు. - పేరు వద్దు, కొరాపుట్ జిల్లా

జవాబు: 3 లక్షలు రావు. ఆ ఆశ ఇక్కడే వదిలేయండి. అలాగని 1,04,000కి సంతకం కూడా పెట్టకండి.

మీరు పంపిన రెండేళ్ల పాలసీ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. కిందటేడు ఐడీవీ 2,60,000. ఈ ఏడు 1,80,000. ప్రీమియంలో తేడా 1,340 రూపాయలు. రెన్యువల్ మీరే ఫోన్‌లో చేశానన్నారు కాబట్టి ఏం జరిగిందో ఊహించగలను. ఐడీవీ దగ్గర ఒక గీత ఉంటుంది, దాన్ని వేలితో ఎడమ చివరికి లాగితే కట్టాల్సిన మొత్తం తగ్గుతూ కనిపిస్తుంది. లాగేశారు. ఆ క్షణంలోనే మీ బండి విలువలో 80,000 పోయాయి, సుంకి ఘాట్ దాకా వెళ్లక్కర్లేకుండానే.

అయిదేళ్ల లోపు బండికి తరుగు పట్టిక ఉంది. ఆరు నెలల లోపు 5 శాతంతో మొదలై, నాలుగు దాటి అయిదేళ్ల లోపు బండికి 50 శాతం దగ్గర ఆగుతుంది. అయిదేళ్లు దాటాక పట్టిక లేదు. కంపెనీ, మీరు కలిసి ఒప్పుకున్నదే విలువ. గీత లాగి ‘ఓకే’ నొక్కడమంటే ఒప్పుకోవడమే. ఇప్పుడు మార్కెట్ రేటు చూపించి, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా, పాలసీలో రాసుకున్న అంకెను ఆయన పెంచరు. ఎదుటి లారీ తప్పయి ఉంటే దాని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కి వెళ్లి తక్కువ పడిన సొమ్ము అడిగే వీలుండేది. మీ బండి దానంతట అదే జారింది, ఆ దారి కూడా లేదు.

కాబట్టి మీ హక్కు 1,80,000లోంచి తప్పనిసరి కోత 1,000 పోను 1,79,000. క్రేన్‌కి 9,000 అయిందన్నారు, అందులో బండి తరలింపు కింద 1,500 దాకా పాలసీ ఇస్తుంది, ఆ బిల్లు పెట్టండి. దీనికి తగ్గితే ఎందుకు తగ్గిందో కంపెనీ కాగితం మీద చూపించాలి.

వాళ్ల లెక్క ఇలా ఉంది. 1,80,000లోంచి 1,000 తీశారు. ఢీకొన్న బండికి సాల్వేజ్ విలువ, అంటే ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చే ధర, 75,000 అని వేసి అదీ తీశారు. మిగిలింది 1,04,000. పద్ధతి తప్పు కాదు. బండి మీ దగ్గరే ఉంటే దాని విలువ మినహాయిస్తారు. అసలు కథంతా ఆ 75,000 అనే అంకెలో ఉంది. జయపురంలో తుక్కు వ్యాపారి వచ్చి చూసి 40,000 చాలన్నాడని మీ ఉత్తరంలో ఎక్కడో మూలన, పెద్ద విషయం కానట్టు రాశారు. అదే పెద్ద విషయమండీ. 75,000 మినహాయించుకుని, బండిని 40,000కి అమ్ముకుంటే మీ చేతికి మొత్తం వచ్చేది 1,44,000. రావాల్సింది 1,79,000. తేడా 35,000. మీరు పోట్లాడాల్సింది ఈ 35,000 గురించి, లేని 1,20,000 గురించి కాదు.

ఆ 75,000 ఎక్కడి నుంచి వచ్చిందో రాతపూర్వకంగా అడగండి. మామూలుగా కంపెనీలు పాడైన బండి ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టి వ్యాపారుల చేత పాట పాడిస్తాయి. నిజంగా ఎవరైనా 75,000కి పాడి ఉంటే మంచిదే, అతనికే బండి ఇచ్చేయండి. అతను మీకు 75,000 ఇస్తాడు, కంపెనీ 1,04,000 ఇస్తుంది, లెక్క సరిపోతుంది. పాటకి గడువుంటుంది, అది దాటనివ్వకండి. పాడినవాడు లేకుండా నష్టం లెక్కగట్టే సర్వేయర్ అంచనాగా వేసిన అంకె అయితే, ఆ ధరకి కొనేవాణ్ని మీరే తీసుకురండి, లేదా బండి మీరే పట్టుకెళ్లి 1,79,000 ఇవ్వండి అని అడగండి. ఈ ఒక్క వాక్యానికి చాలాసార్లు సాల్వేజ్ అంకె దానంతట అదే కిందికి దిగుతుంది.

ఇంకో ఎత్తు కూడా ఎదురవొచ్చు. టోటల్ లాస్ వద్దు, రిపేరు కిందే సెటిల్ చేస్తామంటారు. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద కూడా 50 శాతం కోసేస్తారు, ఆ తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ కవరేజీ మీకు లేదు కదా. మీ ఎస్టిమేటులో పార్టులు 2,40,000, పనివాళ్ల కూలి, రంగు 60,000. పార్టుల్లో సగం కోసినా 1,20,000. కూలి, రంగు కలిపితే, రంగులో కొంత పోయినా, 1,70,000 పైనే. ఐడీవీలో 75 శాతం, అంటే 1,35,000 దాటితే టోటల్ లాస్‌గా చూడాలని పాలసీలోనే ఉంది. కోత వేసి చూసినా మీది దాటుతోంది. టోటల్ లాస్‌లో మళ్లీ తరుగు తీయకూడదు. అసెస్‌మెంట్ కాగితంలో ‘డిప్రిసియేషన్’ అన్న వరస కనబడితే వేలు పెట్టి చూపించండి.

బండి ఎవరికి ఇచ్చినా ఆర్సీ సంగతి తేల్చుకోకుండా ఇవ్వకండి. మా బావమరిది పర్లాకిమిడిలో ఉంటాడు. వాన్ ఒకటి ఇలాగే పోతే తుక్కువాడికి ఆర్సీతో సహా ఇచ్చేసి, చేతులు దులుపుకున్నాడు. రెండేళ్ల తర్వాత ఆ నంబరుతో వేరే ఊళ్లో ఇంకో వాన్ తిరుగుతోందని పోలీసులు ఇంటికొచ్చారు. నాలుగుసార్లు స్టేషన్‌కి తిరిగాడు, తుక్కువాడి ఫోను ఎప్పుడో ఆగిపోయింది. బండి ఇక రోడ్డెక్కదంటే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, ఆర్టీవోకి తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. బాగు చేసుకుని నడుపుకుంటాననే వ్యాపారి అయితే పేరు మార్పిడి పూర్తయ్యాకే బండి కదలాలి. ఆర్సీతో ఇస్తే ఒక ధర, ఆర్సీ లేకుండా ఇస్తే తక్కువ ధర. ఆ 75,000 ఈ రెండింటిలో దేనికి వేశారో కూడా అడగండి.

మీరు పేరూ నంబరూ మార్పించుకోవడం మాత్రం మెచ్చుకోవాలి. మన సరిహద్దు ఊళ్లలో ఆంధ్రా నంబరు బండి కొని, పాత ఓనరు పేరుతోనే ఏళ్లకేళ్లు నడిపేవాళ్లు ఎంతమందో. థర్డ్ పార్టీ కవరేజీ బండితో పాటు వస్తుంది గానీ, సొంత డ్యామేజీ కవరేజీ దానంతట అది రాదని సుప్రీం కోర్టు ఎప్పుడో తేల్చింది. వాళ్లకి 1,04,000 కాదు, సున్నా. ఇంకొకటి, డిక్కీలో పెళ్లి బట్టల పెట్టె తప్ప ఏమీ లేదని రాశారు. అదీ మంచిదైంది. ప్రైవేటు కారు పాలసీలో శాంపిళ్లు, సొంత సామాను తప్ప సరుకు మోయడం కవర్ కాదు. విజయనగరం నుంచి బట్టల మూటలు ఈ కారులోనే తెచ్చుకునే అలవాటుంటే వచ్చే బండి విషయంలో ఆలోచించుకోండి.

ఇక నాకు ఒళ్లు మండించిన సంగతికి వస్తాను. మూడు రూపాయల వడ్డీ. 2 లక్షల మీద నెలకి 6,000, ఏడాదికి 72,000. మీరు సాల్వేజ్ కింద పోతోందని బాధపడుతున్న 75,000కి, ఆ ఫైనాన్సరుకి ఏడాదిలో మీరు చేతులారా ఇచ్చేదానికి తేడా 3,000. ఇప్పటికే 12,000 ఇచ్చారు. అదీ క్లెయిము తేలకముందే! ఈ అప్పు నెత్తిన ఉండబట్టే ప్రతి ఫోనుకీ మీకు గుండె దడ. ఫోన్ చేసే కంపెనీవాడికి ఆ సంగతి మీ గొంతులోనే తెలిసిపోతుంది. ‘సార్, ఇవాళ సంతకం పెడితే వారంలో డబ్బు’ అని ఎందుకంటాడు మరి?

ఈ శీర్షిక చదివేవాళ్లకి నా గొడవ తెలుసు, నవ్వుకున్నా ఫర్వాలేదు. ఆరు నెలల ఖర్చు చేతికందేలా ఉండాలి. మీ ఇల్లూ కొట్టూ కలిపి నెలకి 35,000 అని రాశారు, అంటే 2,10,000. అది బ్యాంకులో ఉండి ఉంటే ఈ రెండు నెలలూ బస్సుల్లో తిరిగి, అవసరమైన రోజు అద్దె బండి పెట్టుకుని, వోచర్‌ని బల్ల మీద పెట్టి తాపీగా ఉత్తరాలు రాసేవారు. మీకు చీటీ ఉంది, ఎల్‌ఐసీ ఉంది, మ్యూచువల్ ఫండ్‌లో నెలకి 5,000 సిప్ ఉంది. అన్నీ మంచివే. ఘాట్‌లో క్రేన్‌వాడు డబ్బు అడిగిన రాత్రి వీటిలో ఒక్కటీ పలకలేదు. పాడని చీటీని అత్యవసర నిధిలో కలిపి చెప్పేవాళ్లు నాకు నెలకి పదిమంది తగులుతారు. పాట మీ అవసరం చూసి రాదు. అవసరం పడి పాడితే ఎంత తోసుకుపోతుందో చీటీలో కూర్చున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నిధి కూడేదాకా సిప్ ఆపేయండి, ఆ 5,000 ఎఫ్‌డీలోకి మళ్లించండి. రాబడి తక్కువని నాకు ఉత్తరం రాయకండి.

ముందు ఆ ఫైనాన్సరుని వదిలించుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, రూపాయి లోపు వడ్డీకే వస్తుంది. క్లెయిము డబ్బు రాగానే విడిపించుకోండి. కొత్త బండి బేరం ఇంకా అడ్వాన్సు దగ్గరే ఉంటే, వెనక్కి తీసుకునే వీలుందేమో అడగండి. తప్పదంటే బ్యాంకు వాహన రుణం. ఈ క్లెయిముతో మీ నో క్లెయిం బోనస్, అంటే క్లెయిము లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది కాబట్టి కొత్త పాలసీ ప్రీమియం ఎక్కువే వస్తుంది. ఆ బండికి మాత్రం గీత ఎడమకి లాగకండి. అదే మోడల్ ఆ ఊళ్లో ఎంత పలుకుతోందో చూసి, కంపెనీ ఇచ్చే పరిధిలో దానికి దగ్గరగా పెట్టండి.

షెడ్డువాళ్లు రోజుకి 300 పార్కింగ్ అంటున్నారు కదా. బండి ఎక్కడికి తరలించాలో చెప్పండి, చెప్పేదాకా అయ్యే అద్దె మీదే అని కంపెనీకి మెయిల్ పెట్టండి. ఇస్తారని హామీ లేదు గానీ, రాసి పెట్టకపోతే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు. ఫోన్లో ఏం మాట్లాడినా సాయంత్రం రెండు వరసలు మెయిల్‌లో పెట్టండి. ఒడియాలో, ఇంగ్లీషులో రాయడం కష్టమైతే మీ అబ్బాయి చేత రాయించండి, డిగ్రీ చదువుతున్నాడన్నారుగా.

మెయిల్‌లో మూడే అడగండి. సర్వేయర్ రిపోర్టు కాపీ. 75,000కి పాడినవాడి కొటేషన్. అది లేకపోతే బండి తీసుకుని 1,79,000, తరలింపు కింద 1,500. చివరికి డబ్బు తీసుకునేటప్పుడు వోచర్ మీద ‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఉంటే ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి సంతకం పెట్టండి. సంతకం పెట్టినంత మాత్రాన మీ హక్కు పోదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2015లో కంపెనీలకి చెప్పింది, అయినా ఆ మాట రాయడం మీకే మంచిది. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాశాక నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఒడిశా వాళ్లకి భువనేశ్వర్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఆయన తీర్పు కంపెనీకి తప్పదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది గానీ, 35,000కి వాయిదాల చుట్టూ తిరగడం ఎందుకు.

రిపోర్టు కాపీ రాగానే నాకు పంపండి. జయపురం తుక్కు వ్యాపారి చేత ఆ 40,000 అంకె తెల్లకాగితం మీద రాయించి, తేదీ, సంతకం పెట్టించి దాంతో పాటు జత చేయండి.