అందరూ మానేయమంటున్నారు, నాకే తేలట్లేదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పుట్టిల్లు అంబాజీపేట దగ్గర, అత్తగారిల్లు పాలకొల్లు పక్క ఊరు. సివిల్‌లో బి.టెక్ చేసి, ఆరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజనీర్‌గా చేస్తున్నాను. పెళ్లై రెండేళ్లయింది. మా ఆయనకు పాలకొల్లులో రొయ్యల మేతలు, మందుల షాపు ఉంది, ఆయన కదిలే వీల్లేదు. సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వచ్చి వెళ్తుంటాను. సైట్లో దుమ్ము, ఎండ. బాత్రూమ్ లేదు. నా తర్వాత చేరిన కుర్రాడి మాటకున్న విలువ నా మాటకు లేదు. అలసిపోయాను. మానేసి బి.ఇడి. చెయ్యమని మా ఆయన, అత్తగారు, మావగారు, చివరికి మా అమ్మ కూడా అంటున్నారు. ‘ఆడపిల్లకి టీచరుద్యోగం హాయి, నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటావు, రేపు పిల్లలు పుట్టినా ఇబ్బంది ఉండదు’ అని. అందరూ నా మంచికే చెప్తున్నారు, మరి నాకెందుకు మనసొప్పట్లేదు? రాజీనామా లెటర్ టైప్ చేసి పెట్టుకున్నాను, పంపలేకపోతున్నాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చాలా పెద్దది, పైన వేసింది అందులో సారం మాత్రమే. వేయకుండా వదిలేసిన దాంట్లో ఒక పేజీకి పైగా ఒక్క రాత్రి గురించే ఉంది. వంతెన పునాదికి పైలు, అంటే నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభం, పోస్తున్నారు. కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఈలోగా గుంత అడుగుదాకా కాంక్రీటు దించే ట్రెమీ పైపును పైకి లాగేద్దామని కాంట్రాక్టరు మనిషి తొందరపెట్టాడు. పైపు మొన కాంక్రీటులో మునిగే ఉండాలి, పైకి వచ్చిందంటే బురదనీళ్లు కలిసి పైలు చెడుతుందని మీరు ఒప్పుకోలేదు. ‘మేడమ్‌కి భయం ఎక్కువ’ అని నవ్వారట. లారీ వచ్చింది, తెల్లవారుజామున పోత పూర్తయింది, తర్వాత టెస్టులో ఆ పైలు నిక్షేపంగా ఉందని తేలింది. రిపోర్టులో మీ పేరు లేదని కూడా రాశారు, కానీ ఆ పేజీ చదువుతుంటే నాకు కోపం కంటే గర్వమే ఎక్కువ వినిపించింది.

ఇక పిల్లలకు పాఠం చెప్పడం గురించి ఎంత రాశారా అని వెతికాను. ‘చిన్నప్పుడు మా తమ్ముడికి లెక్కలు చెప్పేదాన్ని.’ అంతే. మిగతా చోట్ల టీచరుద్యోగం అన్న మాట వచ్చిన ప్రతిసారీ అది ఇంకొకరు అన్న మాటగానే వచ్చింది. అత్తగారు అన్నారు, అమ్మ అంది, ఆయన అన్నారు.

మనసెందుకు ఒప్పట్లేదని అడిగారు కదా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మిమ్మల్ని విసిగిస్తున్నవి ఆ సైటు, ఆ దూరం. ఇంజనీరింగ్ మీద మీకు విసుగు పుట్టిన జాడ నాకెక్కడా కనిపించలేదు. మీ ఇంట్లోవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, సైటు కష్టంగా ఉంది కాబట్టి చదువునే పక్కన పెట్టెయ్యమంటున్నారు. వాళ్లది చెడు ఉద్దేశం అనను. కోడలు రాత్రిళ్లు పరాయి ఊళ్లో పని చేస్తోందంటే అత్తగారికి బెంగ ఉంటుంది. ఆ బెంగలో కొంత వాళ్ల సౌకర్యం కూడా కలిసి ఉంటుంది, అది సహజమే. పోట్లాడేవాళ్లకైతే ఎదురు చెప్పొచ్చు, ప్రేమగా చెప్పేవాళ్లకి ‘వద్దు’ అనడమే కష్టం. మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది.

మధ్యలో ఒక మాట. ‘ఆడపిల్లకి ఈ సిమెంటు పనులేమిటి’ అని మీ మావగారు అన్నారని రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి కాకముందు ఈ సీమ పంటలకు ఏ గతి పట్టిందో మన పెద్దలకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాటన్ దొర విగ్రహానికి దండలేసే ఊళ్లలో ఉంటూ, ఇంట్లో ఉన్న ఇంజనీరుని మాత్రం పని మానుకోమంటాం! ఇక ఆడపిల్ల సంగతంటారా, మన తెలుగావిడ అయ్యలసోమయాజుల లలిత గారు పద్దెనిమిదేళ్లకే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డను పెట్టుకుని, 1940లలోనే మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేశారు. ఈ సంగతి మావగారితో వాదించడానికి వాడకండి, వాదిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటారు. మీ ధైర్యానికి చెప్తున్నాను.

ఇప్పుడు ఆ ‘హాయి’ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో దీన్ని ఎవరూ లెక్కేసినట్టు లేదు. బి.ఇడి. ఇప్పుడున్న పద్ధతిలో రెండేళ్లు. తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆ తర్వాత డీఎస్సీ అనే నియామక పరీక్ష. మన రాష్ట్రంలో 2018 డీఎస్సీ తర్వాత 2024లో ఒక నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు, చివరికి నియామకాలు జరిగింది 2025లో. అంటే ఏడేళ్లు. ఆ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అనగానే ఊరూరా సంబరపడ్డారు గానీ, అందులో 6,371 ఎస్జీటీలు, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టులు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బి.ఇడి. వాళ్లు అర్హులు కారని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చేసింది, కాబట్టి అవి మీవి కావు. పై తరగతులకు సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 7,725. అవీ జిల్లాల వారీగా, సబ్జెక్టుల వారీగా విడిపోయి, ఉమ్మడి పశ్చిమ గోదావరిలో లెక్కల పోస్టుల దాకా వచ్చేసరికి కుదించుకుపోతాయి. పైగా బి.టెక్ మీద బి.ఇడి. చేసినవారికి ఏ పోస్టుకు అర్హత ఉందో ప్రతి పోస్టు కిందా విడివిడిగా రాస్తారు. ఆ నోటిఫికేషన్ పూర్తిగా చదవకుండా, ‘మా బంధువుల అమ్మాయికి వచ్చింది’ అన్న మాట పట్టుకుని ఫీజు కట్టకండి.

ఉద్యోగం వచ్చిందే అనుకోండి. పోస్టింగ్ చింతలపూడి వైపో, జంగారెడ్డిగూడెం వైపో పడితే? పాలకొల్లు నుంచి రోజూ వచ్చిపోయే దూరం కాదది. మళ్లీ ఆయన అక్కడ, మీరు ఇక్కడ. డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ ప్రైవేటు స్కూల్లో చేరేవాళ్ల జీతాలు ఎలా ఉంటాయో మీ ఊళ్లో ఏ టీచరమ్మనడిగినా చెప్తుంది. నాలుగున్నరకల్లా ఇంట్లో ఉంటారనేవాళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పే టీచరింట్లో ఒక్క మార్చి నెల గడిపి చూడాలి. స్టడీ అవర్లు, పేపర్లు, ఫెయిలయ్యేలా ఉన్న పిల్లాడి తల్లిదండ్రుల ఫోన్లు. నిజంగా ఇష్టం ఉన్నవాళ్లకు అదంతా ఆనందమే. హాయిగా ఉంటుందని వెళ్లినవాళ్లు మాత్రం రెంటికీ చెడ్డ రేవళ్లవుతారు.

డబ్బు మాట కూడా అనుకోవాలి. మేతల షాపంటే సగం వ్యాపారం అరువు మీదే నడుస్తుంది. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక రైతు కడతాడు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) బాగా రాకపోతే కట్టలేడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర ఎలా జారిందో మీ ఆయన కళ్లారా చూసే ఉంటారు. అలాంటి ఇంట్లో నెలనెలా బ్యాంకులో పడే జీతం ఒకటి ఉండటం ఎంత ఊరటో ఆయన్నే అడగండి. ‘నేను మానేస్తే, ఉద్యోగం వచ్చేదాకా నాలుగైదేళ్లు నా జీతం లేకుండా గడుస్తుందా?’ అని, షాపు ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని అడగండి. ఆయన జవాబు ఏదైనా సరే, అది లెక్కతో చెప్పిన మాట అవుతుంది. మానెయ్యమని ఇప్పుడంటున్నది మీరు దూరంగా ఉన్నారన్న బాధతో అంటున్న మాటేమో.

నన్నడిగితే, మీరు మారాల్సింది ఊరు. వృత్తిలోనే ఉంటూ గోదావరి వైపు రావడానికి దారులున్నాయి. పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు లేస్తూనే ఉంటాయి. కింద నల్లమట్టి, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఇలాంటి నేలలో పునాది సరిగ్గా వేయించగల మనిషి విలువ గోడ బీటలు వారిన ఇంటి యజమానికి బాగా తెలుసు. డిజైన్ ఆఫీసుల్లో పని నేర్చుకుంటే కొంత ఇంటి దగ్గర్నుంచి కూడా చేసుకోవచ్చు. ఏపీపీఎస్సీ పెట్టే ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పరీక్షలున్నాయి, సచివాలయాల ఇంజనీరింగ్ అసిస్టెంట్ పోస్టులున్నాయి. ఇవీ ఎప్పుడు పడతాయో తెలియనివే, కానీ వీటి కోసం రెండేళ్లు ఇంకో చదువు చదవక్కర్లేదు, ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. జీతం ఇప్పటికంటే తగ్గొచ్చు. హాస్టల్ అద్దె, రైలు ఖర్చులు తీసేసి చూస్తే ఆ తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు.

ఒకవేళ తమ్ముడికి లెక్కలు చెప్పిన ఆ ఒక్క వాక్యంలో నాకు కనిపించనిది మీకేమైనా ఉంటే, దానికీ ఇంజనీరింగ్ వదలక్కర్లేదు. పాలిటెక్నిక్ లెక్చరర్‌కు ఆ బ్రాంచిలో బి.టెక్ ఫస్ట్ క్లాసు చాలు. ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఒక సెమిస్టర్ చెప్పి చూడండి. మట్టి పరీక్షల గురించి డిప్లొమా పిల్లలకు చెప్తున్నప్పుడు గంట ఎప్పుడు కొట్టారో తెలియలేదంటే, అప్పుడు నేనే మీకు బోధన వైపు వెళ్లమని రాస్తాను. ఇంజనీరింగ్ కాలేజీ అయితే ఎం.టెక్ కావాలి, దానికి గేట్ గానీ పీజీఈసెట్ గానీ ప్రవేశ పరీక్ష రాయాలి. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

ఇక్కడికి వచ్చేదాకా ఉన్నచోట భరించాలి కదా. బాత్రూమ్ లేదని ఎవరికీ చెప్పలేదన్నారు, నీళ్లు తాగడం తగ్గించేశానన్నారు. అది చదివి నాకు బాధేసింది. రేపే మానుకోండి అలా, ముందు ఆరోగ్యం పాడవుతుంది. సైట్లో మరుగుదొడ్డి ఏర్పాటు చెయ్యడం చట్టం వాళ్ల మీద పెట్టిన బాధ్యత. ప్రాజెక్ట్ మేనేజర్‌కు నోటిమాటగా కాకుండా మెయిల్ పెట్టండి, కాపీ హెచ్.ఆర్.కు పంపండి. పొమ్మనలేక పొగబెట్టినట్టు ఉన్న చోట కాగితం మీద ఉన్న మాటకే బలం. అదే మెయిల్లో ప్లానింగ్‌కో క్వాలిటీ విభాగానికో మార్చమని అడగండి. కాదంటే అప్పుడు చూద్దాం, కానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

పిల్లల గురించి కూడా ఆలోచిస్తున్నామని రాశారు కాబట్టి ఇదొకటి గుర్తుపెట్టుకోండి. ఉద్యోగంలో ఉన్న మనిషికి మొదటి ఇద్దరు పిల్లల దాకా 26 వారాలు జీతంతో ప్రసూతి సెలవు హక్కు. రాజీనామా చేసి బి.ఇడి. క్లాసులో కూర్చుంటే ఆ హక్కు ఉండదు. కొత్త కంపెనీలో చేరినా, కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు అక్కడ పని చేసి ఉండాలి. కాబట్టి ఊరు మారడం ముందా, బిడ్డ ముందా అన్నది మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మీ ఇద్దరే, నలుగురిలో కాదు.

అత్తగారికి మాత్రం మీరే చెప్పండి, ఆయన చేత చెప్పించకండి. ‘మీరన్నట్టు దగ్గరికి వచ్చేస్తానత్తయ్యా, ఉద్యోగం మాత్రం నా చదువుకు తగ్గదే వెతుక్కుంటాను, కొంచెం టైమివ్వండి’ అంటే ఆవిడకు కావలసిన సగం దొరికినట్టే. మిగతా సగానికి రెండు రోజులు ముభావంగా ఉంటారు, ఉండనివ్వండి. కోడలు ఇంటికొచ్చేస్తోందన్న సంతోషం ముందు అది నిలవదు.

టైప్ చేసి పెట్టుకున్న లెటర్ అలాగే ఉంచండి, ఎలాగూ కావాలి. ఇక్కడ ఉద్యోగం ఖాయమై ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, నోటీసు పీరియడ్ ఎంతో చూసుకుని తేదీ వేసి పంపండి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఏ ప్రాజెక్టులో ఏ పని చేశారో వివరంగా రాయించుకోండి, ‘సైట్ ఇంజనీర్‌గా పనిచేశారు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టనివ్వకండి. పైళ్ల పని అందులో తప్పకుండా ఉండాలి. పీఎఫ్ డబ్బు మాత్రం తీసేసుకోకండి, కొత్త చోటికి బదిలీ చేయించుకోండి.