ప్రెస్సు ఇంటి అమ్మాయికి ప్రింటింగ్ చేయించే ఉద్యోగం

ప్రశ్న: మాది చిత్తూరు. 1998 నుంచి చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను. పెండ్లి పత్రికలు, బిల్ బుక్కులు, కరపత్రాలు మా పని. మా పాప తిరుపతిలో బీకాం చేసింది. డిజైనింగ్ కొంత వచ్చు, మా ప్రెస్సులోనే నేర్చుకుంది. మామిడి గుజ్జు, పచ్చళ్లు ఎగుమతి చేసే ఒక కంపెనీవాళ్లు ‘ప్రింట్ మేనేజ్‌మెంట్ ఎగ్జిక్యూటివ్’ అని ఉద్యోగం ఇస్తామంటున్నారు. నెలకు 18 వేలంట. లేబుళ్లు, అట్టపెట్టెలు, బ్రోషర్లు, క్యాలెండర్లు, ఇట్లా కంపెనీకి కావలసిన ప్రింటింగంతా బయట చేయించి తేవాలంట. దీనికి కూడా ఒక మనిషిని పెట్టుకుంటారా? ఫోన్ చేసి ఆర్డరు చెప్తే ప్రెస్సువాళ్లే చేసిపెడతారు కదా. ప్రెస్సుల చుట్టూ తిరిగే పనికి పంపేదానికంటే బ్యాంకు కోచింగ్‌లో చేర్చేది మేలా?

జవాబు: అయ్యా, ‘ఫోన్ చేసి ఆర్డరు చెప్తే’ అన్నచోట ఆగిపోయాను. ఇన్నేళ్లలో మీకు అలా ఫోన్లో వచ్చిన ఆర్డర్లు ఒకసారి గుర్తు చేసుకోండి. ‘పోయినసారి లాంటిదే ఇంకో వెయ్యి కొట్టండి’ అంటారు. పోయినసారి ఏ కాగితం వాడారో అడిగితే చెప్పేవాడుండడు. వాట్సాప్‌లో లోగో పంపుతారు, పెద్దది చేస్తే గళ్లు గళ్లుగా పగిలిపోతుంది. ప్రూఫు చూసి ఓకే అంటారు, అచ్చుకు ప్లేట్లు వేశాక మా పెద్దసారుకు రంగు నచ్చలేదంటారు. ఆ రెండోసారి ప్లేట్ల డబ్బు ఎవరి జేబులోంచి పోయిందో మీకు నేను చెప్పాలా? ఆ గందరగోళం లేకుండా చూసే మనిషి కోసమే ఆ కంపెనీ వెతుకుతోంది. కౌంటరుకు అటువైపు అలాంటి మనిషి ఉంటే ఎంత బాగుండు అని మీరే ఎన్నోసార్లు అనుకుని ఉంటారు.

నా సంగతి ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట తిరుపతిలో ఒక కాలేజీకి అడ్మిషన్ల పని చూసేవాణ్ని. ప్రాస్పెక్టస్ 3,000 కాపీలు వేయించాలి. మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ రేటు వేసినాయనకు ఇచ్చి, కాలేజీకి డబ్బు మిగిల్చానని మురిసిపోయాను. కట్టలు విప్పితే ముదురు నీలం కవరు మీద వీపు పొడవునా తెల్లటి చీలిక. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) బోర్డును గ్రెయిన్‌కు, అంటే కాగితంలో పోగులు నడిచే దిశకు, అడ్డంగా మడిచారు. మడతకు క్రీజింగ్, అంటే ముందుగా నొక్కే గీత, వెయ్యలేదు, పైన ల్యామినేషన్ లేదు, ఇంకు పగిలింది. అడిగితే ‘క్రీజింగ్ మీరు చెప్పలేదు సార్’ అన్నాడాయన. నిజమే, చెప్పలేదు. ఆ మాట ఒకటుందని తెలిస్తే కదా చెప్పడానికి! ఇంటికొచ్చి మిగతా రెండు కొటేషన్లు మళ్లీ తీసి చూశాను. రెండింట్లోనూ క్రీజింగ్, మ్యాట్ ల్యామినేషన్ కలిపే రేటు వేసి ఉన్నారు. అంటే నేను పక్కపక్కన పెట్టి పోల్చినవి ఒకే వస్తువు ధరలు కావు. తప్పు ప్రెస్సుది కాదు, నాది.

మీ పాప చెయ్యబోయే పనిలో సగం, ఆ రోజు నాకు చేతకానిదే. ఏం కావాలో ఒక కాగితం మీద పూర్తిగా రాసి, ఆ ఒక్క కాగితాన్నే అందరికీ పంపి రేట్లు అడగడం. విప్పినప్పటి కొలత, మడిచాక కొలత, పేజీలు, కాగితం రకం, జీఎస్ఎం, రంగులు ఒకవైపా రెండువైపులా, పైపూత, బైండింగ్, ఎన్ని కాపీలు, ఏ తేదీకి, ఎక్కడ దించాలి. దీన్ని స్పెసిఫికేషన్ అంటారు. పేరు పెద్దది గానీ, మీరు ఆర్డరు పుస్తకంలో గీసుకునే గీతలే ఇవి. తేడా ఏమిటంటే, ప్రెస్సువాళ్లు అడక్కముందే కొనేవాళ్లు రాసిస్తారు.

రాసేటప్పుడే డబ్బు మిగులుతుంది. కంపెనీవాళ్లు 1/8 డెమీ సైజులో (డెమీ అనే పెద్ద షీటులో ఎనిమిదో వంతు) ఒక బుక్‌లెట్ 2,000 కాపీలు వేయించాలనుకున్నారనుకోండి. డెమీ షీటుకు రెండువైపులా కలిపి 16 పేజీలు. 64 పేజీలైతే కాపీకి నాలుగు షీట్లు, మొత్తం 8,000 షీట్లు, అంటే రీముకు 500 చొప్పున 16 రీములు, పైన వేస్టేజి. సరిగ్గా నాలుగు ఫారాల్లో (ఒక షీటు మీద అచ్చయ్యే పేజీలన్నీ కలిపి ఒక ఫారం) పని అయిపోతుంది. రాసిన పెద్దమనిషి ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాశాడా, 66వ పేజీ కోసం మళ్లీ ప్లేట్లు, మళ్లీ మేకరెడీ (అచ్చుకు మెషిన్ సర్దుకోవడం), తెల్లగా మిగిలిపోయే కాగితం. ‘రెండు పేజీలు తగ్గించండి సార్’ అని ముందే చెప్పగలిగిన మనిషి ఆఫీసులో ఉంటే తన జీతంలో కొంత ఆ ఒక్కమాటతోనే తెచ్చేస్తుంది. ఈ లెక్క మీ పాపకు మీరు ప్రత్యేకంగా నేర్పకపోయినా వచ్చి ఉంటుంది. కామర్సు చదివిన ఇంకో అమ్మాయికి ఇది పట్టుబడాలంటే కనీసం ఏడాది పడుతుంది.

ఇక ఆ కంపెనీ వ్యాపారం సంగతి. మన వైపు తోతాపురి కాయ దిగేది జూన్, జూలైల్లో. ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడిచేది అప్పుడే. గుజ్జు నింపిన డబ్బాలు లేబుల్ లేకుండా కొన్నాళ్లు గోడౌన్‌లో ఉండగలవు, కానీ చెన్నై రేవులో ఓడ మన లేబుళ్ల కోసం ఆగదు. గల్ఫ్‌కు పోయే సరుకు మీద అరబీ ఉండాలి. అరబీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, మన డీటీపీ సిస్టంలో తెరిస్తే అక్షరాలు విడివిడిగా తిరగబడి కూర్చుంటాయి. అనూ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఇంకో సిస్టంలో తెరిస్తే ఒత్తులు ఎటుపోతాయో మీకు తెలిసిందే. అదే తిప్పలు, ఈసారి మనకు చదవడం రాని భాషలో. అందుకే ఆ అక్షరాలు తెలిసిన మనిషి సంతకం పెట్టిన పీడీఎఫ్ లేకుండా ప్లేటుకు పంపకూడదు.

ఇక్కడే అమ్మే పచ్చడి సీసాకు ఇంకో పట్టిక ఉంది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ గుర్తు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ. ఆహార లేబుళ్లకు 2020 నాటి నిబంధనలు, ప్యాకెట్ సరుకులకు 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు ఉన్నాయి. ఎన్నికల కరపత్రం మీద ప్రెస్సు పేరు, అడ్రసు వెయ్యకపోతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఏమవుతుందో మీకు ఎలా కంఠస్థమో, ఇవి పాపకు అలా రావాలి. బార్‌కోడ్ గురించి కూడా చెప్పాలి. ఆవకాయ లేబుల్ కదా, అంతా ఎరుపులో ఉంటే అందంగా ఉంటుందని డిజైనరు గీతలు కూడా ఎర్రగా వేస్తాడు. స్కానరులో ఎక్కువగా ఉండేది ఎర్ర వెలుతురు, దానికి ఎర్ర గీతలు తెల్ల కాగితంలాగే కనిపిస్తాయి. సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర సీసా పలకదు. లక్ష లేబుళ్లు చెత్తబుట్టకు. తెర మీద చూసి ఓకే అన్నవాళ్లకు ఇది తట్టదు.

మీరు అడిగిన అసలు ప్రశ్న, ఇది ఉద్యోగమా, తిరుగుడా అని. రెండూ కావచ్చు. ఆ కంపెనీ ఏమనుకుంటోందనేదాని మీద ఉంటుంది. స్పెసిఫికేషన్ రాసేది పాపేనా? మెషిన్ మీద మొదటి షీటు చూసి సంతకం పెట్టేది పాపేనా? రంగు తప్పితే ‘ఆపండి’ అనే అధికారం ఆమెకుందా, లేక మేనేజరుకు ఫోన్ చేసి కనుక్కోవాలా? చేరే ముందు ఇవి అడగాలి, ఒప్పుకున్నవి అపాయింట్‌మెంట్ కాగితంలో రాయించుకోవాలి. ఆపే అధికారం లేకపోతే మీరు భయపడిందే నిజం. ప్రూఫులు మోసుకెళ్లి, బిల్లులు మోసుకొచ్చి, తప్పు జరిగిన రోజు నింద మోసే పని అది. అలాంటిదైతే 18 కాదు, 25 వేలిచ్చినా నేను వద్దనే అంటాను.

ఒకవేళ ఆ అధికారం ఉంటే, ముందు షేడ్ కార్డులు తయారు చేయించమనండి. లేబుల్ రంగుకు లైట్, స్టాండర్డ్, డార్క్ అని మూడు నమూనాలు తీసి, కంపెనీ, ప్రెస్సు ఇద్దరూ సంతకాలు చేసుకుంటారు. ఆ హద్దు లోపల ఉంటే సరుకు తీసుకోవాలి, దాటితే తిప్పి పంపాలి. ‘కొంచెం ముదురు వచ్చింది’, ‘లేదు, సరిగ్గానే ఉంది’ అనే కొట్లాట అక్కడితో సరి. కాగితం విషయంలో త్రాసు చాలు. 80 జీఎస్ఎం అని బిల్లు రాసి 70 తోలేవాళ్లు ఊరూరా ఉన్నారు (మీరు కాదు లెండి). ఏ4 కాగితాలు వంద తూస్తే 80 జీఎస్ఎంకు అర కిలోకు ఒక గ్రాము తక్కువ, 70 అయితే 437 గ్రాముల దగ్గర ఆగిపోతుంది.

చదువు సంగతి. బీకాంతోనే ఆగిపోతే నాలుగేళ్ల తర్వాత పైకి వెళ్లడం కష్టం. ప్యాకేజింగ్ వైపు తిరగమనండి, మన ప్రాంతంలో డబ్బు అటువైపే ఉంది. 1966లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు చెన్నైలో, హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. ఉద్యోగం చేస్తూనే చదువుకునేలా దూరవిద్యా కోర్సు కూడా నడుపుతారు. ఇంటర్ సైన్సు చదివిన తమ్ముడో చెల్లెలో ఉంటే చెన్నై గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రింటింగ్, ప్యాకేజింగ్ బీఈ ఉందని చెప్పండి. అది తెలియక మన పిల్లలు చాలామంది అందరూ పోయే బ్రాంచికే పోతున్నారు. పాపకు ఈలోపు ఎక్సెల్ బాగా రావాలి, ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఫైలు తెరిచి తప్పు పట్టుకునేంత రావాలి. అందంగా గీయడం రాకపోయినా ఫర్వాలేదు.

ముందుకు దారులు ఉన్నాయి. సత్యవేడు వైపు శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పెట్టెలు, లేబుళ్లు, మాన్యువళ్లు రోజూ కావాలి. తిరుపతిలో ఆసుపత్రులు, కాలేజీలు, హోటళ్లు ఉన్నాయి, వాటిలో ఒక్కొక్కటీ పూర్తి జీతమిచ్చి మనిషిని పెట్టుకోలేదు. నాలుగైదు సంస్థల ప్రింటింగ్ కలిపి చూసిపెట్టి నెలకు ఇంత అని తీసుకోవచ్చు. ఆ రోజు వస్తే నెలసరి ఫీజుకే ఒప్పుకోమనండి. బిల్లులో శాతం ఇస్తామంటే వద్దనమనండి, బిల్లు పెరిగితే తన సంపాదన పెరిగే ఏర్పాటు అది. ఖర్చు తగ్గించమని పెట్టుకున్న మనిషికి ఖర్చు పెరిగితే లాభం రాకూడదు.

బ్యాంకు పరీక్షల వయసు దాటిపోతుందని కంగారు వద్దు. ప్రభుత్వ బ్యాంకుల పీవో పరీక్షకు 30 ఏళ్ల దాకా, క్లర్కుకు 28 దాకా రాయొచ్చు. ఏడాది పని చేసి చూసి, నచ్చకపోతే అప్పుడు కూర్చుని చదువుకోవచ్చు. కోచింగ్‌లో ఏడాది గడిపాక ఇలాంటి ఉద్యోగం మళ్లీ తలుపు తడుతుందో లేదో మాత్రం చెప్పలేను. ప్రయాణాల గురించి మీరు రాయలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. క్యాలెండర్ల పనికి శివకాశి వెళ్లాల్సి రావచ్చు. తమిళుల ఆడి నెలలోనే (జూలై, ఆగస్టు) అక్కడ కొత్త సంవత్సరం క్యాలెండర్ల నమూనాలు బయటికొస్తాయి. మెషిన్ ప్రూఫు పగటిపూట పెట్టించుకోవడం, ప్రయాణ ఖర్చు, బస కంపెనీ చూడడం, ఇవన్నీ ముందే మాట్లాడుకోవలసినవి. అడిగితే కాదనరు.

చివరిగా మీ ప్రెస్సు సంగతి. ఇది మీకు నచ్చకపోవచ్చు. పాప చేరిన నెలకే ఎవరో ఒకరు, బహుశా మీ తమ్ముడో బావగారో, ‘మన అమ్మాయే కదా, బిల్ బుక్కులు మనకే ఇప్పించు’ అంటారు. మొదటి ఏడాది ఆ కంపెనీ నుంచి ఒక్క విజిటింగ్ కార్డు ఆర్డరు కూడా తీసుకోకండి. మీరు తక్కువ రేటుకు, మంచి కాగితం మీద కొట్టిచ్చినా సరే. మిగతా ప్రెస్సులవాళ్లు కంపెనీ యజమానికి చెప్పేది రేటు గురించి కాదు, చుట్టరికం గురించి. ఆ తర్వాత మీ కొటేషన్ వెళ్లాల్సి వస్తే, దాన్ని తెరిచేది, నిర్ణయించేది వేరే మనిషి కావాలి. చేరే రోజే పాప చేత కంపెనీకి ఒక కాగితం ఇప్పించండి. అందులో మీ ప్రెస్సు పేరు, మీ పేరు, మీకూ పాపకూ ఉన్న వరుస, మూడూ ఉండాలి. అందినట్టు సంతకం చేయించిన కాపీ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.