ఫ్రేజల్ వెర్బ్స్: బట్టీ పట్టినా ఎందుకు నిలవట్లేదు?

ప్రశ్న: బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గ్రామర్ బాగానే వస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో మా టీమ్ లీడ్ ‘ప్లీజ్ లుక్ ఇంటూ దిస్ అండ్ గెట్ బ్యాక్ టు మి బై ఈవెనింగ్’ అని మెసేజ్ పెట్టారు. ఫైల్ తెరిచి, చూసి మూసేశాను. సాయంత్రం అందరి ముందూ ‘ఏం తేలింది?’ అని అడిగితే నోట మాట రాలేదు. ఆ తర్వాత వెయ్యి ఫ్రేజల్ వెర్బ్స్ ఉన్న పుస్తకం కొని బట్టీ పడుతున్నాను. ‘జి’ దాకా వచ్చేసరికి ‘బి’ మర్చిపోయాను. ప్లేస్‌మెంట్లు దగ్గర పడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇవన్నీ ఎలా నేర్చుకోవాలి? ఇడియమ్స్ కూడా రావాలా?
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: ముందు ఆ పుస్తకం పక్కన పెట్టండి. ఆ రోజు జరిగినదానికి మీరు తలదించుకోవాల్సిన పనిలేదు. లుక్ అంటే చూడటం, ఇంటూ అంటే లోపలికి. తెలిసిన రెండు మాటల్నీ కలిపి చదివారు, ఫైల్ లోపలికి చూశారు. ఆ రెండూ కలిస్తే అర్థం మారిపోతుందని మీకు ఎవరూ చెప్పలేదు, అంతే. క్రియకు ఇంటూ, అప్ లాంటి చిన్న మాట తోడై ఇలా కొత్త అర్థం ఇస్తే దాన్నే ఫ్రేజల్ వెర్బ్ అంటారు. లుక్ ఇంటూ అంటే విషయం ఏమిటో ఆరా తీయడం, లోపం ఎక్కడుందో వెతకడం. గెట్ బ్యాక్ టు మి అంటే తెలిసిన సంగతి నాకు వచ్చి చెప్పమని.

మన తెలుగులోనూ ఇదే చిక్కు ఉంది. తెలుగు నేర్చుకుంటున్న ఒక ఒడియా అమ్మాయికి ‘కొట్టు’ అంటే బీట్ అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారనుకోండి. బోర్ కొడుతోంది, ఎండ కొడుతోంది, కాపీ కొట్టాడు, పర్సు కొట్టేశారు. ఆ అమ్మాయి ఎంత తికమకపడుతుందో ఆలోచించండి. మనకు మాత్రం ఒక్కటీ తడబాటు లేదు. ఎందుకంటే ఇవి మనం జాబితా చూసి నేర్చుకోలేదు. పప్పు అడుగంటినప్పుడు అమ్మ ‘మాడు వాసన కొడుతోంది, స్టవ్ ఆపు’ అంది. ఆ వాసన, ఆ కంగారు, ఆ మాట ఒకేసారి బుర్రలోకి వెళ్లాయి. గివ్ అప్ అనే మాట మీకు గుర్తుండకపోవచ్చు గానీ, చేతులెత్తేయడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు కదా. రెండూ ఒకటే.

ఇంకో సంగతి చెబితే మీకు ధైర్యం వస్తుంది. ‘తిను’కీ ‘తినెయ్’కీ తేడా మీకు తెలుసు. తినెయ్ అంటే ప్లేటులో మిగల్చకుండా పూర్తిచెయ్యమని. ఇంగ్లిష్‌లో ఈట్‌కీ ఈట్ అప్‌కీ ఉన్న తేడా అదే. డ్రింక్ అప్ అంటే తాగెయ్, యూజ్ అప్ అంటే మొత్తం వాడెయ్. మనం ‘ఎయ్’తో చేసే పనిని వాళ్లు చాలాచోట్ల అప్‌తో చేస్తారు. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడం, దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే.

ఇక పద్ధతి. మీ పుస్తకం గెట్ ఆఫ్, గెట్ ఆన్, గెట్ ఓవర్, గెట్ త్రూ అన్నిటినీ ఒకే పేజీలో పెట్టింది. ఒకే పోలికలున్న నలుగురిని ఒకేసారి పరిచయం చేస్తే పేర్లు కలిసిపోవా? అందుకే సందర్భాన్ని బట్టి నేర్చుకోండి. మీ ఇంటర్న్‌షిప్‌లో ఒక రోజునే తీసుకుందాం. పొద్దున మీటింగ్ వాయిదా పడింది: పుట్ ఆఫ్. కోడ్ నడుపుతుంటే అనుకోకుండా ఎర్రర్ వచ్చింది: రన్ ఇంటూ. గంటసేపు కూర్చుని కారణం కనిపెట్టారు: ఫిగర్ అవుట్. క్లయింట్ జవాబు ఇవ్వకపోతే మళ్లీ కదిపారు: ఫాలో అప్. వెళ్లేముందు పని ఇంకొకరికి అప్పజెప్పారు: హ్యాండ్ ఓవర్. ఇలా మీకు నిజంగా జరిగిన ఒక రోజును నోట్‌బుక్‌లో ఐదారు వాక్యాల్లో రాయండి. ఊహించి రాసిన వాక్యం రెండు రోజుల్లో పోతుంది, మీకు జరిగింది ఉండిపోతుంది. రోజుకు రెండు కొత్త ఫ్రేజల్ వెర్బ్స్ చాలు. రెండు నెలల్లో నూరు దాటుతాయి, మొదటి ఉద్యోగానికి అవి బాగా పనికొస్తాయి.

రాసేటప్పుడు ప్రతిదాన్నీ ‘ఇట్’తో కలిపి రాయండి, పైకి చదవండి. పుట్ ఇట్ ఆఫ్, ఫిగర్ ఇట్ అవుట్, ఫిల్ ఇట్ ఇన్. కానీ లుక్ ఇంటూ ఇట్, రన్ ఇంటూ ఇట్. కొన్నిటిలో ఇట్ మధ్యలోకి వస్తుంది, కొన్నిటిలో చివర్న ఉంటుంది. ‘పుట్ ఆఫ్ ఇట్’ అనేది మా మాక్ ఇంటర్వ్యూల్లో నేను తరచూ వినే తప్పు. నాలుకకు ఇట్‌తోనే అలవాటైతే రూల్ గుర్తుపెట్టుకునే పని ఉండదు.

ఇడియమ్స్ అంటే జాతీయాలు, వాటి విషయంలో అంత కష్టపడకండి. ఆన్ ద సేమ్ పేజ్ అంటే అందరికీ ఒకే అవగాహన ఉండటం, హెడ్స్ అప్ అంటే ముందుగా చెప్పి ఉంచడం, బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు లెక్క. ఆఫీసులో ఇలాంటివి వింటే అర్థమైతే చాలు, కావాలని వాడక్కర్లేదు. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ (కుండపోత వాన) లాంటివి ఇంటర్వ్యూలో తెచ్చిపెట్టుకున్నట్టు వినిపిస్తాయి. విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో 7 బ్యాండ్ కోసం ఇడియమాటిక్ భాష కొంత చూస్తారు, అక్కడా సహజంగా వస్తేనే విలువ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ రాసే ఉద్దేశం ఉంటే మాత్రం దారి వేరు: బెల్ ద క్యాట్, వైట్ ఎలిఫెంట్ లాంటివి పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని చదవాల్సిందే. టైర్ 1లో తప్పు జవాబుకు 0.50 మార్కు పోతుంది కాబట్టి ఊహించి పెట్టకండి.

హెచ్‌ఆర్ ‘వాక్ మి త్రూ యువర్ ప్రాజెక్ట్’ అంటే ప్రాజెక్టును మొదటినుంచి వరుసగా వివరించమని. అర్థంకాని మాట వస్తే తల ఊపేయకండి. ‘సారీ, కుడ్ యు రీఫ్రేజ్ దట్?’ అని అడగండి. ఆ రోజు టీమ్ లీడ్‌ని కూడా ఇలా అడిగి ఉండొచ్చు.

చివరగా రెండు మాటలు మీ రెజ్యూమెలో, మీ నోటిలో ఉన్నాయేమో చూసుకోండి. మొదటిది పాస్డ్ అవుట్. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ పాసింగ్ అవుట్ పరేడ్‌లో ఉన్నట్టే, చదువు పూర్తయిందన్న అర్థంలో మన దేశంలో అందరం వాడతాం, ఇక్కడ ఇబ్బంది లేదు. అమెరికా క్లయింట్‌కు మాత్రం అది స్పృహ తప్పి పడిపోయానన్నట్టు వినిపిస్తుంది. గ్రాడ్యుయేటెడ్ అని మార్చేయండి. రెండోది కోప్ అప్ విత్. తట్టుకోవడం, నెట్టుకురావడం అనే అర్థానికి కోప్ విత్ చాలు, అందులో అప్ తీసేయండి.