అట్టపెట్టె కబుర్లు

మా ముందుగదిలో వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టె ఒకటి ఏడు వారాలుగా తిష్ఠ వేసుకుని ఉంది. నల్లకుంటలో, మూడో అంతస్తులో, రెండు పడకగదుల ఇల్లు మాది. ఎవరు ఎటు వెళ్ళాలన్నా దాన్ని ఒరుసుకుంటూ నడవాలి. పాత సామాను కొనేవాడు వీధిలో కేక వేసినప్పుడల్లా మా అబ్బాయి దానివైపు ఆశగా చూస్తాడు. రెండేళ్ళ నాలుగు నెలల మా మనవడు వెంటనే అందులో దూరి కూర్చుంటాడు. ఇరవై ఏడేళ్ళు బాలవాడిలో పనిచేసి రిటైరయిన నేను ఎవరి పక్షమో చెప్పనక్కరలేదు.

చిన్నపిల్లల ఆటపాటల గురించి ఈసారి మీరు రాసిన ఉత్తరాల్లో సగం గోడల మీద గీతల గురించే. వాటిలో ఒక్కటి మాత్రం రెండో ఉత్తరంగా అచ్చు వేస్తున్నాం. మిగిలినవాళ్ళు దాన్నే తమదనుకోండి.

మా పాపకు ఇరవై రెండు నెలలు. ఆఫీసు నుంచి ఆరున్నరకు వచ్చి, తనతో ఏదో ఒకటి చేయించాలని కూర్చుంటాను. అట్టతో నెమలి, దూదితో గొర్రెపిల్ల... ఫోనులో చూసి ముందురోజు రాత్రే అన్నీ కత్తిరించి పెట్టుకుంటాను. మూడు నిమిషాలు కూడా కూర్చోదు. దూది పీకి గదంతా చల్లి లేచిపోతుంది. మా తోటికోడలి కూతురు ఇదే వయసులో బుద్ధిగా అతికించేదట. మా పాపకు ఏకాగ్రత లేదంటారా?
– ఒక తల్లి, మియాపూర్

ఏమీ అనుకోకండి, ముందు ఒక మాట అడుగుతాను. ఆ నెమలి ఎవరికి కావాలి? పాప దూది పీకింది, చల్లింది, అది ఫ్యాను గాలికి ఎలా తేలుతుందో చూసింది. తన పని పూర్తి చేసుకునే లేచింది. మిగిలిపోయింది మీ పని.

ఇంత నిష్ఠూరంగా చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, తల్లిదండ్రులను పిలిచే రోజుకు పిల్లలచేత ఏనుగు బొమ్మలు చేయించమన్నారు. అందరూ మూడేళ్ళ లోపువాళ్ళే. జిగురు నాకారు, చెవులు చించారు, ఒకడు తొండం జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఇరవై ఆరు ఏనుగులను నేనే అతికించాను. మర్నాడు ఒక తల్లి "మావాడు ఎంత బాగా చేశాడో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పిల్లవాడు మాత్రం ఆ ఏనుగు ఎవరిదో అన్నట్టు చూసి, నా చీర కొంగు పట్టుకుని నీళ్ళు కావాలన్నాడు. నేను నోరు విప్పి నిజం చెప్పలేదు. ఆ తరవాత ఎన్ని వార్షికోత్సవాలు వచ్చినా ఏనుగుల జోలికి పోలేదు.

ఏడాదిన్నర దాటిన పిల్లలు పెన్సిల్‌ను పిడికిలి బిగించి పట్టుకుంటారు. గీత భుజం నుంచి వస్తుంది, వేళ్ళ నుంచి కాదు. సున్న చుట్టి రెండు కొసలూ కలపడం మూడేళ్ళ ప్రాంతానికి గాని చేతికి రాదు. అలాంటి చేతితో నెమలి పింఛం మీద చుక్కలు అతికించమంటే లేచిపోక ఏం చేస్తుంది? తోటికోడలి కూతురి సంగతి వదిలేయండి. పెరిగి పెద్దయిన పిల్లలందరూ తల్లుల జ్ఞాపకాల్లో బుద్ధిమంతులే.

రాత్రిపూట కత్తిరింపులు మానేసి హాయిగా నిద్రపోండి. సాయంత్రం అంచు ఉన్న పళ్ళెంలో గుప్పెడు ఉప్మా రవ్వ పలుచగా పరచి, కింద ఒక పాత దుప్పటి వేసి, పాప ముందు పెట్టండి. మీరు వేలితో ఒక గీత గీయండి. అంతే, మాట్లాడకండి. తనూ గీస్తుంది, చెరుపుతుంది, పళ్ళెం కదిపితే గీత మాయమవుతుందని కనిపెడుతుంది. బియ్యప్పిండి అయినా పరవాలేదు గాని, బజారులో దొరికే ముగ్గుపిండి వద్దు. అది రాతిపొడి. ఆ దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇంకా తేలికైనది కావాలంటే చిన్న గిన్నెలో నీళ్ళు, గోడలకు సున్నం వేసే బ్రష్షు ఇచ్చి బాల్కనీలోకి పంపి, పక్కనే కూర్చోండి. మొన్నటి ఏప్రిల్‌లో మా మనవడు పిట్టగోడకు నీళ్ళరంగు వేస్తూ పోతే, రెండో కొసకు చేరేలోపు మొదటి కొస ఆరిపోయేది. మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మన హైదరాబాద్ ఎండ ఎవరికైనా ఉపకారం చేసిందంటే వాడికే. నలభై నిమిషాలు. ఏకాగ్రత అంటే అదేనమ్మా, అది మనం చెప్పిన చోట మాత్రం ఉండదు.

మా కోడలు రెండున్నరేళ్ళ మనవడిని గోడల మీద గీయనిస్తోంది. పోయిన ఉగాదికే ఇల్లంతా రంగులు వేయించాం. అడిగితే "అత్తయ్యా, అది వాడి సృజన" అంటుంది. మా కాలంలో ముగ్గురిని పెంచాను, ఒక్కరూ గోడ మీద గీత గీయలేదు. నేను చెప్పింది తప్పా?
– ఒక నానమ్మ, దిల్‌సుఖ్‌నగర్

తప్పు కాదు వదినగారూ. రంగులకు ఎంతయిందో నాకు తెలుసు, మేమూ వేయించాం. మీ కోడలు చెప్పిందీ తప్పు కాదు. నిలువుగా ఉన్నదాని మీద గీసేటప్పుడు పిల్లల చేయి మొత్తం, భుజం దగ్గర నుంచి మణికట్టు దాకా, పనిచేస్తుంది. రేపు అక్షరాలు దిద్దే బలం అక్కడి నుంచే వస్తుంది. అయితే ఆ బలం హాల్లోని గోడ మీదే రావాలని ఎక్కడా లేదు.

తలుపు వెనక గోడ గాని, బీరువా పక్క గాని వాడికి రాసివ్వండి. నాలుగు చార్టు కాగితాలు వాడి భుజమంత ఎత్తులో అతికించి, "ఇది నీ గోడ" అని ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పండి. హాల్లో గీస్తే తిట్టకుండా చేయి పట్టుకుని అక్కడికి తీసుకువెళ్ళండి. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టాలి. ఇప్పటికే పడిన క్రేయాన్ గీతల మీద తడిగుడ్డతో కొంచెం వంటసోడా అద్ది మెల్లగా రుద్దితే చాలావరకు పోతాయి. డిస్టెంపర్ వేయించి ఉంటే మాత్రం రుద్దకండి, రంగే ఊడి వస్తుంది.

మీ ముగ్గురూ గోడ మీద ఎందుకు గీయలేదంటారా? అప్పుడు మీకు వాకిలి ఉండేది. సుద్దముక్కో బొగ్గుముక్కో పట్టుకుని నేల మీద గీశారు, వాన వచ్చి కడిగేసింది. అపార్టుమెంటులో వాడికి వాకిలి ఏది? పొద్దున మీరు గడప ముందు ముగ్గు వేసేటప్పుడు వాడి చేతికీ ఒక సుద్దముక్క ఇవ్వండి. చుక్కలు ఎక్కడ పడితే అక్కడ పెడతాడు, మీరు కలపండి. అత్తాకోడళ్ళ తగవు నేను తీర్చలేను గాని, కసురుకోకుండా కారణం చెప్పే కోడలు దొరికినందుకు మీరు కొంచెం మెత్తబడవచ్చు.

బాబుకు ఏడాదిన్నర. ఏది ఇచ్చినా నోట్లోకే. దుకాణంలో కొన్న రంగులంటే భయం. ఇంట్లో చేసుకోవచ్చా?
– ఉప్పల్ నుంచి ఒక తల్లి

చేసుకోవచ్చు. కప్పు నీళ్ళలో రెండు చెంచాల మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) గడ్డలు లేకుండా కలిపి, చిన్న మంట మీద గంజిలా చిక్కబడేదాకా కాచండి. చల్లారాక నాలుగు గిన్నెల్లో పోసి ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, మూడోదాంట్లో ఉడికించి రుబ్బిన పాలకూర కలపండి. నాలుగోదానికి శంఖుపూలు నీళ్ళలో మరిగిస్తే చక్కటి నీలం వస్తుంది. పెరట్లోనో కుండీలోనో తీగ ఉంటే సరే, లేకపోతే మూడు రంగులు చాలు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. బాబుకు పాత బనియను వేయండి. పసుపు మరక గురించి మీకు నేను చెప్పేదేముంది?

ఒక తమాషా ఉంది. పసుపు పూసిన కాగితం ఆరాక సబ్బునీళ్ళ చేత్తో తాకితే ఎర్రబడుతుంది. నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పసుపే. పారాణి ఎర్రదనమూ ఇదే, పసుపూ సున్నమూ కలిసిన గుణం. అయితే సున్నం పిల్లల దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే కాలుస్తుంది. సబ్బు చాలు. ఏడాదిన్నరవాడికి ఇదేమీ పట్టదనుకోండి, నేను మీ కోసం చెబుతున్నాను. మా కోడలు ఇంజనీరు. మొన్న మావాడు నిద్రపోయాక కూడా తను ఆ కాగితం మీద నిమ్మచెక్క పిండుతూ కూర్చుంది.

రంగుల కంటే నన్ను భయపెట్టేవి వేరే ఉన్నాయి. ఉప్పు, మైదా కలిపి గట్టిపడే ముద్ద చేసే పద్ధతి అందరూ చెబుతున్నారు. అందులో ఉప్పు పిండిలో సగం ఉంటుంది. నోట్లో పెట్టుకునే పిల్లవాడికి అంత ఉప్పు ప్రమాదం. చపాతీ పిండిలో కాస్త నూనె వేసి చిన్న ముద్ద ఇవ్వండి, పక్కనే ఉండి మింగకుండా చూసుకోండి, ఆట అయ్యాక పారేయండి. పూసలు, గుండీలు, శనగలు, చింతగింజలు మూడేళ్ళు నిండేదాకా వద్దే వద్దు. గొంతులో అడ్డం పడతాయి, ముక్కులో దూర్చుకుంటే గింజలు నాని ఉబ్బుతాయి. గురివింద గింజలైతే ఇంట్లోనే ఉంచకండి. వామనగుంటల పెట్టెలో అమ్మమ్మగారు దాచినవైనా సరే. ఆ ఎర్రటి అందం వెనక ఉన్నది విషం, నమిలితే ప్రాణం మీదకు వస్తుంది. పాటలు పాడే బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ మింగాడని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. బొమ్మలు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి.

నాది రాత్రి డ్యూటీ. పగలు రెండేళ్ళ పాపను చూసుకునేది నేనే, మా ఆవిడ బ్యాంకుకు వెళుతుంది. నాకు బొమ్మలు చేయడం రాదు. నిద్ర ఆగక ఫోను ఇచ్చేస్తున్నాను. తప్పని తెలుసు.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

తెలుసంటున్నారు కాబట్టి తిట్టను. రెండేళ్ళు నిండిన పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, రెండేళ్ళ లోపువాళ్ళకు అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట మీకు గండం గడిచే సమయంలోకి జరుపుకోండి, మిగిలినదానికి ఉపాయం చెబుతాను.

పెద్ద అట్టపెట్టె ఒకటి సంపాదించండి. పిన్నులు పీకి, రెండు పక్కలా కిటికీలు కోయండి. కోసే పని మీదే. అదే మెట్రో రైలు. మీ వైపు మెట్రో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయే ఎర్ర లైను కాబట్టి ఎర్ర క్రేయాన్ ఇచ్చి రంగు వేయమనండి. రెండు గీతలు గీసి వదిలేస్తుంది, చాలు. మా మెట్రోకు మూడే స్టేషన్లు: వంటిల్లు, దేవుడిగది, బాత్రూము. తలుపులు మూసుకుంటున్నాయని మావాడు తెలుగులోను, ఎక్కడ విన్నాడో హిందీలోను చెబుతాడు. నా పని ప్రయాణికురాలిగా ఉండడం. ప్రయాణికురాలు చాప మీద నడుం వాల్చి కళ్ళు మూసుకోవచ్చు, స్టేషను వస్తే డ్రైవరే లేపుతాడు. మీరూ ప్రయాణికుడు అయిపోండి.

నిజంగా నిద్రలోకి జారిపోకండి గాని. మొదలుపెట్టే ముందు బయటి తలుపు గడియ, వంటింటి తలుపు, నీళ్ళ బకెట్లు చూసుకోండి. బకెట్‌లో జానెడు నీళ్ళున్నా ఈ వయసు పిల్లలకు ప్రమాదమే. ఇంకొకటి, మీ ఆవిడ వచ్చాక రెండు గంటలు కదలకుండా పడుకోండి. మగవాడు పిల్లను చూసుకుంటే సాయం చేశాడంటారు, అలసిపోయాడని ఎవరూ అనరు.

వినాయక చవితికి పాపచేత మట్టి వినాయకుడిని చేయించాలని ఉంది. రెండేళ్ళకు కుదురుతుందా?
– మల్కాజిగిరి

వినాయకుడు కుదరడు, మట్టి కుదురుతుంది. 1954లో అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ వినాయకుడే, మట్టితో తయారవడానికి 2022 దాకా ఆగాడు, అప్పుడు యాభై అడుగులు. మీ పాప చేతికి అంత బరువు వద్దు. రాళ్ళు ఏరిన బంకమట్టి నిమ్మకాయంత ఇవ్వండి. అసలు విగ్రహం మీరు చేయండి, లేదా కొనండి. తను చేసిన ముద్దను సరిదిద్దకుండా, చెవులు పెట్టకుండా, పీట మీద పక్కనే ఉంచండి.

పోయిన చవితికి మావాడు ఏడాదిన్నరవాడు. ముద్దలో వేలు గుచ్చాడు, అంతే. దాన్ని అలాగే పెట్టి పత్రి వేశాం. పేరంటానికి వచ్చినావిడ "ఇదేమిటి బాబూ" అని అడిగితే "ఎలక" అన్నాడు. అప్పటికి వాడికి వచ్చిన మాటలు పాతిక ఉంటాయేమో, అందులో అది ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. మూడో రోజు బాల్కనీలో బకెట్‌లో నిమజ్జనం చేశాం. వినాయకుడు కరిగాడు, ఎలుకా కరిగింది. ఆ నీళ్ళు తులసి కుండీలో పోద్దామని మా కోడలు వంగేసరికి, వాడు మోచేయి దాకా బకెట్‌లో పెట్టి గుప్పెడు బురద పైకి తీసి, పీట మీద మళ్ళీ పెట్టాడు.