సదరంలో శాతం వచ్చింది సరే, ఇంట్లో సాయం ఎంత కావాలో తేల్చుకునేది ఎట్లా?

అన్నా, మీ అమ్మగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైందని, సదరంలో, అంటే వైకల్యం ఎంతో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ పరీక్షలో, 72 శాతం వచ్చిందని రాశారు. రోజంతా మనిషిని పెట్టాలా, ఒక పూటకు చాలా అన్నది మీ అన్నదమ్ముల మధ్య తేలడం లేదన్నారు. మా ఇంట్లో ఇదే తగవు నాలుగు నెలలు నడిచింది. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. మా నాయనకు కుడిపక్క పడిపోయింది, మాట సగమే వస్తుంది.

ముందుగా ఆ 72ని పక్కన పెట్టండి. అది చెయ్యి, కాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే లెక్క. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకు, రాయితీలకు దారి తెరుచుకుంటుంది కాబట్టి ఆ కాగితం భద్రంగా ఉండాల్సిందే. 2024 జులై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. కానీ తెల్లారుజామున అమ్మ బాత్‌రూమ్‌కు ఎట్లా పోతుందో ఆ కాగితంలో ఉండదు. శాతం ఒకటే ఉన్న ఇద్దరిలో ఒకరికి బాత్‌రూమ్ మంచం పక్కనే ఉండి, ఇంకొకరికి దొడ్డి చివర ఉంటే ఇద్దరికీ కావల్సిన సాయం ఒకటేనా?

ఆసుపత్రిలో డిశ్చార్జికి ముందు నాయనను వరండాలో నడిపించి, కర్రతో బాగా నడుస్తున్నాడని రాసిచ్చారు. అబద్ధమేం కాదు. ఆ వరండా చదునుగా ఉంది, గడప లేదు, పట్టపగలు, పక్కన మనిషి ఉన్నాడు. మా ఇంట్లో పాతకాలపు గడప, దాటితే రెండు మెట్లు, ఆపైన దొడ్డి. ఇంటికొచ్చిన రెండో రాత్రే గడపకు కాలు తగిలి పడ్డాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన, మనిషి ఆరోగ్యాన్ని, పనులు చేసుకునే తీరును వివరించే ఐసీఎఫ్ అనే వర్గీకరణ ఈ రెండింటినీ విడివిడిగా చూడమంటుంది: అన్నీ అనుకూలంగా ఉన్నచోట మనిషి చేయగలిగింది వేరు, తన ఇంట్లో తన రోజులో చేస్తున్నది వేరు. మీరు పట్టుకోవాల్సింది రెండోదాన్ని.

తర్వాత ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో కొలిచే బార్తెల్ స్కేలు తీసింది. 1965 నుంచి వాడుకలో ఉంది. తినడం, స్నానం, మొహం కడుక్కుని తల దువ్వుకోవడం, బట్టలు, మల విసర్జన మీద అదుపు, మూత్రం మీద అదుపు, మరుగుదొడ్డి వాడకం, మంచం మీంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు. పది పనులు, మొత్తం 100 మార్కులు. ఆ అమ్మాయి చెప్పిన ఒక నియమం మా కళ్లు తెరిపించింది. పక్కన ఒకరు కాపలాగా నిలబడాల్సి వస్తే, చెయ్యి వేయకపోయినా సరే, ఆ పని సొంతంగా చేసుకున్నట్టు కాదు. ఊతకర్ర పట్టుకుని తనంతట తాను నడిస్తే మాత్రం సొంతంగా నడిచినట్టే. మా అమ్మ రోజూ స్నానాల గది తలుపు దగ్గర పావుగంట నిలబడేది. అది కూడా పనే అని మాలో ఎవరికీ తోచలేదు, అమ్మకు కూడా.

అయితే ఆ స్కేలును మన ఇంటికి తగ్గట్టు చదువుకోవాలి. తినడం దగ్గర అందులో ఉదాహరణ, ముక్కలు కోసుకోవడం, రొట్టెకు వెన్న రాసుకోవడం. మనం కలుపుకుని తినేవాళ్లం. నాయన ఎడమ చేత్తో చెంచా పట్టి పెరుగన్నం తింటుంటే తిండికి లోటు లేదని రాసుకున్నాం. కానీ చేపల పులుసు చేసిన రోజు కంచం ముందు కూర్చుని, ఆకలి లేదని లేచేవాడు. నెల్లూరులో పుట్టిన మనిషి పులుసు వద్దంటున్నాడంటే మందుల వల్ల నోరు చేదయిందేమో అనుకున్నాం. ఒకరోజు నేను ఎదురుగా కూర్చుని చూశాను. చేప ముల్లు తీయాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమ చేత్తో ఒకసారి ప్రయత్నించాడు, ముక్క చిదికిపోయింది. మనవడు చూస్తున్నాడేమోనని అటు చూసి, కంచం పక్కకు తోశాడు. అప్పటినుంచి వంటింట్లోనే ముల్లు తీసి, ముక్కను పులుసులో పెట్టి తెస్తాం. అంచు ఎత్తుగా ఉన్న కంచం, దాని కింద తడి గుడ్డ. ఇప్పుడు రెండోసారి అడిగి వేయించుకుంటాడు. ఏ స్కేలులోనూ ఈ ప్రశ్న ఉండదు అన్నా, ఎదురుగా కూర్చుని చూడాల్సిందే.

అడిగే తీరు కూడా ముఖ్యం. "నాయనా, స్నానం చేసుకోగలవా?" అంటే "ఆఁ, నేను చేసుకుంటాలే" అనేవాడు. బెంగళూరులో ఉన్న మా అన్న సాయంత్రం వీడియో కాల్‌లో ఆ మాట విని, మనిషి ఎందుకు, బాగానే ఉన్నాడు గదా అనేవాడు. నాయన సాయంత్రం ఆరింటికి నిజంగానే బాగుంటాడు. తెల్లారి అయిదింటికి కాలు బిగుసుకుపోయి ఉంటుంది, అది అన్న ఎప్పుడూ చూడలేదు. అందుకే చేసుకోగలవా అని కాదు, నిన్న ఎట్లా చేశావు, నీళ్లు ఎవరు తోడారు, వీపు ఎవరు రుద్దారు అని అడగండి. అమ్మగారు ఒప్పుకుంటేనే దగ్గరుండి చూడండి. స్నానం, మరుగుదొడ్డి దగ్గర కొడుకు కంటే ఆడమనిషి ఉండటం మేలు.

మేము ఒక వారం నోటుబుక్కు రాశాం. ఏ పని, ఎన్ని గంటలకు, ఎంత సాయం. సాయానికి అయిదు గుర్తులు: తానే చేశాడు, మాటతో గుర్తు చేశాం, పక్కన నిలబడ్డాం, చెయ్యి వేశాం, అంతా మేమే చేశాం. ఎనిమిదో రోజు చూస్తే బరువంతా రెండు చోట్లే ఉంది. తెల్లారి అయిదు నుంచి ఎనిమిది దాకా, తర్వాత రాత్రి మూత్రానికి లేచే రెండు సార్లు. పగలంతా పక్కన నిలబడేవాళ్లు కూడా అక్కర్లేదు. ఆ పుస్తకం ఫొటోలు తీసి పంపాక మా అన్న ఇంక వాదించలేదు. పొద్దున ఆ మూడు గంటల పనికి ఊళ్లో ఒక మగమనిషిని మాట్లాడుకున్నాం. రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ, ఒక చిన్న లైటు. గడప తీయడానికి అమ్మ ఒప్పుకోలేదు, దాన్ని నేను తప్పుపట్టను. రెండు వైపులా చెక్కతో వాలు కట్టించి, గోడకు స్టీలు కడ్డీ వేయించాం.

ఒంటి పనులతో ఆగిపోవద్దు. మాత్రలు వేళకు వేసుకోవడం, ఫోన్, డబ్బు లెక్క కూడా చూడండి. 1969లో లాటన్, బ్రాడీ అనే పరిశోధకులు తెచ్చిన ఎనిమిది పనుల పట్టిక వీటికోసమే. అమ్మగారు ఇన్నాళ్లూ చేసిన పనుల్లో ఏది ఇంకా చేయాలని ఉందో కూడా అడగండి. నాయన వడ్ల లెక్క ఇప్పటికీ తనే చూస్తాడు. మాట సరిగా రాకపోయినా వేళ్లతో చూపిస్తాడు, తప్పు పోదు.

చూసుకునే మనిషిని కూడా లెక్కలో రాయండి. మా అమ్మకు 66, నడుము నొప్పి. నాయనను లేపేది ఆమే. ఆమె పడిపోతే మా ప్లాన్ మొత్తం పోతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 38వ సెక్షన్ ప్రకారం ఎక్కువ సాయం అవసరమైనవాళ్లు దానికోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, అసెస్‌మెంట్ బోర్డు చూడాలి. అట్లాంటి చోటికి వెళ్లినప్పుడు నోటి మాట కంటే వారం రాసిన పుస్తకం మేలు. మేము మూడు నెలలకోసారి, జ్వరం వచ్చినా పడినా వెంటనే మళ్లీ రాస్తాం.

మీరు రాసినదాంట్లో రాత్రి సంగతి లేదు. అమ్మగారు రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, అప్పుడు ఆమెతోపాటు లేచేది ఎవరు? అది రాయండి. పూటకు చాలా, రోజంతా కావాలా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.