మార్కులు పెరిగాయి, పాల లెక్క మాత్రం తప్పుతోంది

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేశారు. ఎంత రద్దీలోనైనా చిల్లర లెక్క నోటితోనే చెప్పేవారు. ఏడాదిగా పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బు దగ్గరే తడబడుతున్నారు. రైతుబజారు నుంచి వస్తూ రెండుసార్లు వేరే వీధిలోకి వెళ్లిపోయారు. అమెరికాలో ఉన్న తమ్ముడు జ్ఞాపకశక్తి పరీక్ష ఉన్న ట్యాబ్ పంపితే, వారానికి మూడుసార్లు చేయిస్తున్నాను. మొదటిసారి నూటికి 38 వచ్చాయి. నెల తిరిగేసరికి 61. నాన్న కోలుకుంటున్నారు, ఆసుపత్రి అక్కర్లేదంటాడు తమ్ముడు. నాకు నమ్మకం కుదరడం లేదు.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అనుమానమే సరైనదమ్మా. ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ రాస్తే ఎవరికైనా మార్కులు పెరుగుతాయి. తెర మీద ఎక్కడ నొక్కాలో వేలికి అలవాటవుతుంది, తర్వాత ఏ బొమ్మ వస్తుందో కొంత గుర్తుంటుంది. వారానికి మూడుసార్లు అంటే అది పరీక్ష కాదు, సాధన. అసలు ఆ మొదటి 38ని కూడా నేను నమ్మను. నా దగ్గరికి వచ్చిన ఒక రైతు తొలిసారి ట్యాబ్ పట్టుకుని, గీత పడటం లేదని తెరను పంచెతో తుడుస్తూ కూర్చున్నాడు. పరీక్ష సమయం లెక్కించే గడియారం ఆ సమయాన్నీ ఆయన ఖాతాలోనే వేసింది!

అలాగని ఈ పరీక్షలను తీసిపారేయను. కాగితం మీద గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటాం. గీశాక మాకు మిగిలేది బొమ్మే. డిజిటల్ పెన్నుతో గీయిస్తే ముల్లు పెట్టే ముందు చెయ్యి ఎంతసేపు ఆగిందో కూడా నమోదవుతుంది. బొమ్మ సరిగ్గా వచ్చినవారిలోనూ ఆ తటపటాయింపు కనిపించవచ్చు. కేంబ్రిడ్జ్‌లో తయారైన పరీక్షల్లో ఒకటి ఉంది: తెర మీది పెట్టెలు ఒక్కొక్కటే తెరుచుకుని మూసుకుంటాయి, ఏ బొమ్మ ఏ పెట్టెలో ఉందో చెప్పాలి. అల్జీమర్స్ తొలిదశలో దెబ్బతినేది సరిగ్గా ఇలాంటి జ్ఞాపకమే. పైగా దీనికి భాషతో పెద్దగా పని లేదు.

భాష సంగతి వచ్చింది కనుక అడుగుతున్నాను, మీ ట్యాబ్‌లో పరీక్ష ఏ భాషలో ఉంది? ఇంగ్లీషు పరీక్షలో ‘పి’ అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. తెలుగులో ‘ప’ ఒక్కటేనా, పా, పి, పు కూడా లెక్కలోకి వస్తాయా అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకే హైదరాబాద్ నిమ్స్ వైద్యులు అడెన్‌బ్రూక్స్ అనే ఇంగ్లీషు జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగువారికి తగినట్టు మలచుకున్నారు. చదువు తేడా కూడా ఉంది. మోకా అనే మరో 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్షలో పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఒక మార్కు కలుపుతారు. ఒక్క మార్కుతో ఆ తేడా తీరుతుందా అంటే, నాకైతే అనుమానమే.

ఇప్పుడు చేయాల్సింది: ఇంట్లో పరీక్షలు ఆపేసి న్యూరాలజిస్టుకు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వాటిలో చాలావరకు సరిదిద్దుకోదగ్గవే కాబట్టి ముందు అవి చూస్తారు. ఆ తర్వాత తెలుగులో పరీక్ష చేస్తారు. ఆ మార్కును దాచుకోండి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చేసేటప్పుడు అదే కళ్లజోడు, అదే పొద్దుటి పూట, వీలైతే ప్రశ్నలు మార్చిన మరో ప్రతి ఉండాలి. నాన్నగారిని పోల్చాల్సింది పక్కింటాయనతో కాదు, ఆరు నెలల కిందటి నాన్నగారితోనే.

వెళ్లేటప్పుడు ట్యాబ్‌తో పాటు క్యాలెండరు కూడా తీసుకెళ్లండి. పాల లెక్క ఏ తేదీన తప్పారో, దారి ఎప్పుడు తప్పారో అందులో రాసి ఉంచండి. నేనైతే ముందు దాన్నే చూస్తాను.

తమ్ముణ్ణి కోప్పడకండి. దూరంగా ఉన్నవాడికి అంకెలే దిక్కు. ఆ ట్యాబ్‌లోనే వీడియో కాల్ పెట్టి రోజూ పావుగంట నాన్నగారితో మాట్లాడమనండి. ఒకే సంగతి ఎన్నిసార్లు అడుగుతున్నారో తనే వింటాడు.